మాట తెగని పటం

నదిని గీయవచ్చు. నిప్పును గీయవచ్చు. కన్నీటి బొట్టును సైతం ఒక్క తెల్లని చుక్కతో చెక్కిలిమీద నిలపవచ్చు. మాటను గీయడమే కష్టం. అది పుట్టిన క్షణాననే గాలిలో కలుస్తుంది. దాని జాడ పట్టాలంటే చిత్రకారుడు రెండు ముఖాల నడుమనున్న ఖాళీని గీయాలి. ఒకరి చూపు బయలుదేరి ఇంకొకరి చూపును చేరే ఆ జానెడు దూరాన్ని, రంగు పూయకుండానే వెలిగించాలి.

డబ్లిన్‌లో, ఐర్లండ్ జాతీయ చిత్రశాలలో, అలా వెలిగిన ఖాళీ ఒకటి ఉంది. అవిసె నూనెలో కరిగిన వర్ణాల మధ్య ఇద్దరు రాజనీతిజ్ఞులు సంభాషణలో ఉన్నారు. ఒకరు ఎడ్మండ్ బర్క్. ఇంకొకరు చార్లెస్ జేమ్స్ ఫాక్స్. గీసినవాడు థామస్ హికీ. బర్క్ తన మిత్రుడు ఫాక్స్‌తో మాట్లాడుతున్న చిత్రమని ఆ పటానికి పేరు. మిత్రుడు! ఆ ఒక్క పదం దగ్గరే నా గుండె ఆగిపోతుంది. ఆ పదం తర్వాత ఏం జరిగిందో తెలిసిన కళ్లతో ఆ చిత్రాన్ని చూడటం, దీపం కొండెక్కబోతుందని తెలిసీ దాని వెలుగులో కూర్చోవడమే.

ఓ హికీ! నీవూ బర్కూ లిఫీ నది ఉత్తరపు ఒడ్డు పిల్లలే. నీవు కాపెల్ వీధిలో మిఠాయిలమ్మే ఇంట 1741లో పుట్టావు. ఆ చేరువలోనే అరన్ రేవు గట్టున బర్క్ నీకన్నా పన్నెండేళ్ల ముందు ఊయలలో ఊగాడు. ఒకే నీటి తడిలో పెరిగిన మీ ఇద్దరిలో ఒకరికి రంగు వచ్చింది, ఒకరికి వాక్కు వచ్చింది. బర్క్ తల్లి కాథలిక్కు. ఆ కాలపు ఐర్లండులో కాథలిక్కు కావడమంటే ఓటు లేక, పదవి లేక, సొంత నేలమీదే పరాయిగా బతకడం. పాలితుల ఇంటి వంటగదిలో ఏ భయం ఉడుకుతుందో ఆ బాలుడికి కార్క్ పల్లెల్లోని మేనమామల లోగిళ్లలో తెలిసి ఉంటుంది. తర్వాతెప్పుడో, వేల మైళ్ల అవతలి మన పల్లెల గోడు విని అతడు ఎందుకంత మండిపడ్డాడో ఆ బాల్యమే చెబుతుందని నా నమ్మకం.

ఫాక్స్ ఇంకో లోకపు పక్షి. ధనవంతుడైన తండ్రి గారాల కొడుకు. పంతొమ్మిదేళ్లకే పార్లమెంటు సభ్యుడు. రాత్రంతా జూదపు బల్ల దగ్గర ఆస్తి పోగొట్టుకుని, మధ్యాహ్నం సభలో లేచి అప్పటికప్పుడు అద్భుతంగా మాట్లాడగలిగినవాడు. దట్టమైన నల్లని కనుబొమలు, బరువైన దేహం, ఆ దేహంలో పసిపిల్లవాడి హృదయం. బర్క్ పుట్టిన ఇరవయ్యేళ్లకు అతడు పుట్టాడు. అంటే ఆ పటంలో కూర్చున్నది ఇద్దరు సమవయస్కులు కారు, ఒక గురువూ ఒక శిష్యుడూ. శిష్యుడు పెరిగి పెరిగి పక్షానికే నాయకుడైపోయాడు. గురువు ఆ నాయకత్వం కింద ఒద్దికగా నిలబడ్డాడు. పుస్తకాలనుంచీ లోకంనుంచీ తాను నేర్చిందంతా త్రాసులో ఒకవైపు పెట్టి, బర్క్ దగ్గర నేర్చింది మరోవైపు పెడితే ఏది బరువో చెప్పలేనని 1790లో నిండు సభలో ఫాక్స్ అన్నాడు. ఏ శిష్యుడు ఇంతకన్నా పెద్ద గురుదక్షిణ చెల్లించగలడు!

ఆ కాలంలో సంభాషణ చిత్రాలకు కొదవ లేదు. బర్క్‌నే ఆయన తొలి నాయకుడు రాకింగ్‌హామ్ ప్రభువు పక్కన కూర్చోబెట్టి మహా చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ ఒక పెద్ద పటం మొదలుపెట్టాడు. అది పూర్తికాలేదు. అసంపూర్ణంగానే కేంబ్రిడ్జిలో ఉంది. రేనాల్డ్స్ చేతిలో ఆగిపోయింది చిత్రం. హికీ చిత్రం పూర్తయింది, ఆగిపోయింది స్నేహం. రెండింటిలో ఏది పెద్ద లోటో అడగనక్కరలేదు.

ఇంతకీ ఏం మాట్లాడుకుని ఉంటారు వారు? రంగుకు చెవులు లేవు కనుక చెప్పదు. చరిత్రకు మాత్రం ఉన్నాయి. మొదట వారిని కలిపింది అమెరికా. సముద్రానికావలి వలసలమీద పన్ను వేసి, పన్నుకోసం తుపాకి పట్టిన రాజును ఇద్దరూ కలిసి ఎదిరించారు. ఆ తర్వాత వారిని కలిపింది మనం. ఔను, మనమే. కృష్ణా గోదావరుల నడుమ, ఆర్కాటు మైదానాల్లో, వంగ దేశపు వరిచేలలో, తమ పేర్లు ఎవరి నోటా పలకడంలేదని తెలియకుండానే దుక్కి దున్నుతూ ఉండిన మనం.

తలచుకుంటే ఒళ్లు జలదరించే కాలసంయోగం ఒకటుంది. బర్క్ పార్లమెంటులో తొలిసారి గొంతెత్తింది 1766 జనవరిలో. ఆ ఏడాది మార్చిలోనే మచిలీపట్నంలో మొగలు చక్రవర్తి ఫర్మానా చదివి ఈస్టిండియా కంపెనీవారు ఉత్తర సర్కారులు తమవని చాటారు. నవంబరులో నిజాముతో సంధి కుదిరింది. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి. ఎన్ని తీపి పేర్లు, ఎన్ని నదుల నీడలు, ఒక కాగితంమీద సిరాచుక్కలై ఒలికిపోయాయి! ఒక గొంతు అక్కడ మేలుకుంటున్న ఏడే, ఆ గొంతు ముందుముందు ఎవరికోసం బొంగురుపోవాలో వారు ఇక్కడ చేతులు మారారు. ఈ రెండింటికీ ఆనాడు సంబంధం లేదు. సంబంధం కలవడానికి పదిహేడేళ్లు పట్టింది.

1783లో ఫాక్స్ మంత్రిగా ఉండి ఇండియా బిల్లు తెచ్చాడు. దాని వెనుక ఆలోచన అంతా బర్క్‌ది. వర్తకుల చేతిలో రాజ్యం ఉండరాదనీ, అధికారమంటే ఎవరిమీద చెలాయిస్తున్నామో వారికోసం మోసే న్యాసమనీ, న్యాసధారి లెక్క చెప్పి తీరాలనీ బర్క్ ఆ డిసెంబరు మొదటి తేదీన వాదించాడు. దిగువ సభ ఒప్పుకుంది. రాజు మూడో జార్జి ఎగువ సభలో అడ్డుపడ్డాడు. బిల్లు కూలింది, మంత్రివర్గం కూలింది. ఫాక్స్ అధికారానికి దూరమయ్యాడు. ఆ ఎడబాటు ఇంచుమించు జీవితాంతం సాగింది. ఒక బిల్లు కోసం, అదీ మన పేరున్న బిల్లు కోసం.

తర్వాత 1785 ఫిబ్రవరి 28. ఆర్కాటు నవాబు అప్పులమీద చర్చ. నవాబుకు అప్పిచ్చిన కంపెనీ నౌకర్లు, ఆ అప్పుల పేరున కర్ణాటక దేశపు శిస్తును పీల్చే వైనం. అంకెలతో నిండవలసిన ఆ ప్రసంగంలో బర్క్ హఠాత్తుగా చెరువుల దగ్గర ఆగాడు. వినండి, ఈ దేశపు మట్టిని ఎన్నడూ తొక్కని మనిషి చెరువుల గురించి మాట్లాడాడు! నదులు వానాకాలంలో పొంగి వేసవిలో ఇసుకై పోయే సీమలో, వాన నీటిని పట్టి దాచుకోకపోతే బతుకు లేదని అతడికి తెలిసింది. ఒక్క జాగీరు పటంలోనే రెండు మూడెకరాల కుంట మొదలు అయిదు మైళ్ల చుట్టుకొలత ఉన్న సముద్రం దాకా 1100కు పైగా ఉన్నాయన్నాడు. కర్ణాటక, తంజావూరు దేశాలలో పెద్దవీ మధ్యరకంవీ కలిపి పదివేలకు తక్కువ ఉండవన్నాడు. వాటిని కట్టించినవారే నిజమైన రాజులు, ప్రజలకు తండ్రులు అన్నాడు. పుట్టని మనుమల దాహాన్ని ముందే ఊహించి కట్ట పోసిన ఆ చేతులకు లండను సభలో ఒక ఐరిష్ గొంతు మొక్కింది.

చెరువు తవ్వించడం సప్తసంతానాలలో ఒకటని మన పెద్దలు ఎంచారు. కొడుకు పేరు నిలపకపోవచ్చు, చెరువు నిలుపుతుంది. ఆ ధర్మం బర్క్‌కు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పనక్కరలేదు. దప్పిక తెలిసిన హృదయానికి కట్ట విలువ తెలుస్తుంది. ఆ రోజు సభ ఆ అప్పులమీది తీర్మానాన్ని ఓడించింది. తూములు తెగి, గండ్లు పడి, నీళ్లు లేక నెర్రెలిచ్చిన ఆ చెరువుల తరఫున వచ్చిన ఓట్లు చాలలేదు.

ఇక్కడ ఒక మాట దాచడం న్యాయం కాదు. బర్క్ చేతులకు మచ్చ లేదని నేను అనను. ఆయన ఆప్తబంధువు విలియం బర్క్ తంజావూరు రాజుకు ఏజెంటుగా ఉండేవాడు, నవాబుకు ఎదురుపక్షం. ఆ పక్షపాతపు నీడ బర్క్ మాటలమీద పడిందని ఆనాడే అన్నారు. నీడ పడింది నిజమే. అయినా చెరువులు ఎండింది కూడా నిజమే. తర్వాతి పదేళ్లు అతడు నిద్ర, ఆరోగ్యం, పేరు, స్నేహితులు అన్నీ ధారపోసింది ఏ ఏజెంటు జీతానికీ కాదు.

1788 ఫిబ్రవరి 13న వెస్ట్‌మినిస్టర్ హాలులో, వంగ దేశంలో కంపెనీ గవర్నర్ జనరల్‌గా ఉండిన వారన్ హేస్టింగ్స్‌మీద అభిశంసన విచారణ మొదలైంది. ఎర్రని గుడ్డ పరిచిన బల్లలు, బొచ్చుతోలు అంగీల ప్రభువులు, గ్యాలరీలో రాణి, నాటక రంగపు తారలు, కవులు, చిత్రకారులు. నాలుగు రోజులు బర్క్ ఒక్కడే మాట్లాడాడు. ఆ వెంట కాశీరాజు చైత్‌సింగ్‌కు జరిగిన అన్యాయంమీద ఫాక్స్ లేచాడు. హికీ పటంలోని సంభాషణ అక్కడ రెండు గొంతుల జుగల్‌బందీ అయింది. గురువు మంద్రంలో మొదలెట్టిన రాగాన్ని శిష్యుడు తారస్థాయిలో అందుకున్నాడు. ఆ ఏడే మన గుంటూరు సర్కారు కంపెనీ వశమైంది. అక్కడ న్యాయం గంభీరంగా గొంతు సవరించుకుంటుంటే, ఇక్కడ మరో జిల్లా నిశ్శబ్దంగా ఖాతా మారింది. వాక్కూ వసూలూ వేర్వేరు ఓడల్లో ప్రయాణిస్తాయి. వసూలు ఓడే ఎప్పుడూ ముందు చేరుతుంది.

అంతలో ఫ్రాన్సులో బాస్టీలు కూలింది.

ఫాక్స్ ఆ వార్త విని లోకచరిత్రలో ఇంత గొప్ప సంఘటన లేదని పొంగిపోయాడు. బర్క్ అదే వార్తలో రాబోయే నెత్తుటి వాసన పట్టాడు. 1790 నవంబరులో ఆ విప్లవంమీద ఆయన పుస్తకం వెలువడింది. ఇద్దరి దారులూ అక్కడే చీలాయి. ఎవరు ఒప్పో తేల్చడానికి రెండు శతాబ్దాలుగా పండితులు వాదులాడుతూనే ఉన్నారు. నాకు ఆ తగవుతో పని లేదు. నా దుఃఖం వేరు. ఒక చెరువు ఎండితే కన్నీరు పెట్టిన ఇద్దరు, ఒక కోట కూలితే విడిపోయారే!

1791 ఏప్రిల్ 21న ఫాక్స్ బర్క్ ఇంటికి వెళ్లాడు. సభలో తాను ఏం మాట్లాడబోతున్నాడో బర్క్ దాచకుండా చెప్పాడు. ఇద్దరూ కలిసి నడుచుకుంటూ సభకు వెళ్లారు. ఆ నడకనే నేను ఎక్కువగా ఊహించుకుంటాను. లండను వసంతం. బరువుగా అడుగేసే ఫాక్స్, కళ్లద్దాల వెనుక మసకబారిన చూపుతో బర్క్. విడిపోవడం ఖాయమని ఇద్దరికీ తెలిసీ అడుగులు కలిసే పడుతున్న ఆ దారి. ఆ నడకను గీయడానికి ఎవరూ లేరు. గీయగల హికీ ఆ ఏడే కలకత్తా వదిలి ఇంగ్లండుకు ప్రయాణం కట్టాడు.

మే 6న క్విబెక్ బిల్లుమీద చర్చ. విషయం కెనడా, రగిలింది ఫ్రాన్సు. మాటకు మాట తగిలింది. ఆ వయసులో శత్రువులను కూడగట్టుకోవడం, మిత్రులు తనను వదిలిపోయేలా చేసుకోవడం వివేకం కాదని తెలిసినా, ప్రాణం పోయేవేళ సైతం ఆ విప్లవాన్ని దూరం పెట్టమనే చెబుతానన్నాడు బర్క్. మిత్రులు ఎక్కడికీ పోవడంలేదని ఫాక్స్ పక్కనుంచి మెల్లగా అన్నాడు. మెల్లగా! మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా ప్రియమైన గుసగుస అది. దానికి బర్క్ గట్టిగా బదులిచ్చాడు. పోయారు, మిత్రులు పోయారు, తన నడతకు వెల ఏమిటో తనకు తెలుసు, మిత్రుణ్ణి పోగొట్టుకుని తన ధర్మం తాను నెరవేర్చాడు, తమ స్నేహం ముగిసింది అన్నాడు.

ఫాక్స్ లేచాడు. మాట రాలేదు. గంటలకొద్దీ అలవోకగా ప్రవహించే ఆ గొంతుకు గండి పడింది. కన్నీళ్లు చెక్కిళ్లమీద జారాయి. సభ మొత్తం ఆ మనిషి ఏడవడాన్ని చూసింది. పాతికేళ్ల బంధం గురించి, తాను పసివాడిగా ఉన్ననాటినుంచి ఆయన చూపిన ప్రేమ గురించి చెప్పడానికి ప్రయత్నించాడు. కుదరలేదు. ఇద్దరిలో ఎవరి వాదం నెగ్గిందో చరిత్ర ఎలాగైనా రాసుకోనీ. నా మనసు ఆ కన్నీటి పక్షాన ఉంది. సిద్ధాంతాన్ని వదలకుండానే చేయి చాచినవాడు ఫాక్స్. సిద్ధాంతం కోసం ఆ చేయి విదిలించుకున్నవాడు బర్క్. బర్క్‌ను నేను ప్రేమిస్తాను. ఆ విదిలింపును మాత్రం క్షమించలేను.

ఆ తర్వాత జరిగిందే నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. స్నేహం పోయింది, కేసు మిగిలింది. హేస్టింగ్స్ విచారణలో ఇద్దరూ అభియోక్తలే. ఇంట్లో పలకరింపులు లేవు, వీధిలో కలిసి నడక లేదు, ఉత్తరాలు లేవు. అయినా వెస్ట్‌మినిస్టర్ హాలులో మాత్రం ఒకే పక్షాన, ఒకే అభియోగపత్రం వెనుక, మరో మూడేళ్లు వారు నిలిచారు. విడిపోయిన ఇద్దరిని ఒకే చోట ఉంచగలిగింది లోకంలో ఇక ఒక్క మనమే. మన ఆకలి, మన అవమానం, మన చెరువులు. అది మనకు తెలియనే తెలియదు. 1790నుంచి 1792 దాకా ఉత్తర సర్కారులను కరువు కాల్చింది. గంజాం, విశాఖ, గోదావరి సీమల్లో ఊళ్లు పాడుపడ్డాయి. డొక్కలెండిన ఆ మనుషుల్లో ఒక్కరికైనా, దూరద్వీపంలో ఇద్దరు మాటలు మానుకున్న స్నేహితులు తమకోసం మౌనంగా పక్కపక్కన కూర్చున్నారని ఎవరు చెప్పగలరు? చెబితే మాత్రం గంజి కాగుతుందా?

1794 వేసవి. మే 28నుంచి జూన్ 16 దాకా, తొమ్మిది రోజుల ప్రసంగంతో బర్క్ తన వాదన ముగించాడు. ముగించి సభకు సెలవు చెప్పాడు. ఆయన శ్వాస ఇంకా కుదుటపడక మునుపే, జూలై 10 వేకువన, విజయనగరం చెంత పద్మనాభం దగ్గర కంపెనీ ఫిరంగులు పేలాయి. పేష్కషు కప్పం బకాయి కట్టమన్నారు. కట్టలేవా, కోట విడిచి భరణం పుచ్చుకుని మచిలీపట్నంలో పడి ఉండమన్నారు. విజయనగరం రాజు పూసపాటి చిన విజయరామరాజు ఉండనన్నాడు. అనంతపద్మనాభుడి కొండ నీడలో, తన వెంట నడిచిన వీరులతో కలిసి నేలకొరిగాడు. లండను నుంచి ఓడ రావడానికి ఆరు నెలలు పట్టే కాలం. బర్క్ తొమ్మిది రోజుల వాక్కు పద్మనాభం చేరేసరికి అక్కడి మట్టి నెత్తురు తాగి, ఎండి, మళ్లీ మొలకెత్తి ఉంటుంది.

ఆ ఆగస్టు 2న బర్క్ ఒక్కగానొక్క కొడుకు రిచర్డ్ చనిపోయాడు. ముప్పయ్యారేళ్లు. తండ్రి వదిలిన పార్లమెంటు స్థానానికి అప్పుడే ఎన్నికయ్యాడు, కూర్చోనేలేదు. ఒకే ఋతువులో అక్కడొక తండ్రికి వారసుడు పోయాడు, ఇక్కడొక వారసుడికి తండ్రి పోయాడు. ఓ కాలమా, నీ త్రాసులో రెండు పళ్లేల్లోనూ శవాలనే పెట్టి తూచావా! నేను ఈ రెంటినీ సమానం చేయడంలేదు. ఏ దుఃఖమూ ఇంకో దుఃఖానికి కొలబద్ద కాదు. ఒకే ఎండలో రెండు ఇళ్లలో ఆరని తడిని చూస్తున్నాను, అంతే.

1795 ఏప్రిల్ 23న హేస్టింగ్స్ నిర్దోషి అన్నారు. ఏడేళ్ల వాక్కు గాలికి పోయింది. తన రచనలన్నీ మరిచిపోయినా ఈ ఒక్క శ్రమను గుర్తుంచుకుంటే చాలని బర్క్ మిత్రులతో చెప్పుకున్నాడు. 1797లో బీకన్స్‌ఫీల్డ్ దగ్గరి ఇంట్లో మంచం పట్టాడు. కబురు తెలిసి ఫాక్స్ చూడాలని కోరాడు. రావచ్చునని జవాబు రాలేదు. ఆ పాత స్నేహాన్ని తెంచుకోవడం భర్తకు ఎంతో వేదన కలిగించిందనీ, అయినా నమ్మిన ధర్మంకోసం ఆ త్యాగం నిలుపుకోవలసిందేననీ జేన్ బర్క్ మర్యాదగా రాసి పంపింది. జూలై 9న బర్క్ కన్నుమూశాడు. గుమ్మం దాకా రానివ్వని ఆ మనిషికి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ప్రభుత్వ గౌరవాలతో అంత్యక్రియలు జరపాలని అడిగినవాడు ఫాక్సే. తన ఊరి గుడిలోనే, కొడుకు పక్కనే తనను ఉంచమని బర్క్ వీలునామా రాసుకున్నాడు. తొమ్మిదేళ్లకు, 1806 సెప్టెంబరులో, బానిస వర్తకం రద్దుకు సభ చేత తీర్మానం చేయించి, రద్దు చట్టమై రాకముందే ఫాక్స్ పోయాడు. అతణ్ణి ఆబీలో పెట్టారు. చావులోనూ ఒక చోట లేరు.

ఇక హికీ కథ. నన్ను ఆ పటం దగ్గరకు లాక్కెళ్లింది అసలు ఇదే. 1780లో అతడు ఇండియాకు ఓడెక్కాడు. దారిలో ఫ్రెంచి, స్పానిష్ నౌకలు ఆ ఓడల బారును పట్టుకున్నాయి. విడిపించుకుని లిస్బన్‌లో కొన్నేళ్లు గీసుకు బతికాడు. 1784లో కలకత్తా చేరాడు. తర్వాత మకార్ట్నీ రాయబారంతో చైనా వెళ్లాడు. 1798నాటికి మళ్లీ మద్రాసు. శ్రీరంగపట్టణం కూలినప్పుడు గెలిచిన సేనాపతుల ముఖాలనూ, ఓడిన టిప్పు కొడుకుల ముఖాలనూ ఒకే చేత్తో దించాడు. ఆ మద్రాసులోనే ముసలివాడై 1824లో మరణించాడు. లిఫీ ఒడ్డున కళ్లు తెరిచి, కూవం ఒడ్డున మూశాడు.

మద్రాసులో 1816లో అతడు గీసిన ఒక పటం ఉంది. ఎర్ర కోటు తొడిగి నిటారుగా నిలిచిన కర్నల్ కాలిన్ మెకంజీ, భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్. పక్కన ముగ్గురు మనవాళ్లు. ఒకరి చేతిలో దూరదర్శిని, ఒకరి చేతిలో తాటాకుల కట్ట. ఆ ముగ్గురిలో ఒకరు ఏలూరువాడు కావలి వెంకట లక్ష్మయ్య అని చరిత్రకారులు గుర్తించారు. పండితుడు, ఊరూరా మనుషుల్ని పంపి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించిన తెలుగువాడు. ఆయన అన్న బొర్రయ్య ఆ పనికి పునాది వేసి, 1803లో చిన్న వయసులోనే పోయాడు.

ఓ హికీ, అదే నీ కుంచె. అవే నీ నూనెలు. ఇద్దరు ఇంగ్లండు మంత్రాంగవేత్తల మధ్య ఖాళీని అంత ప్రేమగా వెలిగించినవాడివి, ఈ నలుగురి మధ్య మాట ఎందుకు పుట్టించలేకపోయావు? శాసనం చదివి అర్థం చెప్పినవాడు లక్ష్మయ్య. చెవి ఒగ్గి విన్నవాడు మెకంజీ. పాతికేళ్ల సంభాషణ వారిది. పటంలో మాత్రం కర్నల్ ముందుకు నిలిచాడు, పండితులు పక్కకు ఒదిగారు. పార్లమెంటులో మన గురించి అంత మాట నడిచినప్పుడు మనం లేము. పటంలోకి మనం వచ్చేసరికి మాట లేదు.

మెకంజీ 1821లో పోయాడు. ఆగిన పనిని తాను సాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం అడిగారు. అక్కడ జేమ్స్ ప్రిన్సెప్, అశోకుడి లిపిని విప్పబోతున్న మేధావి, అంత పెద్ద పని ఒక దేశీయుడి వల్ల కాదని తేల్చాడు. మరో గుమ్మం మూసుకుంది. ఈసారి మూసింది కోపంతో కాదు, శోకంతోనూ కాదు. కేవలం ఊహించలేక. తెలుగువాడు తన ఊళ్ల చరిత్రకు తానే కర్త కాగలడని ఊహించలేక. బర్క్ గుమ్మం దగ్గర ఫాక్స్‌కు దొరికిన మర్యాదపు వేదన కూడా లక్ష్మయ్యకు దొరకలేదు.

కైఫీయతులు మిగిలాయి. చెన్నపట్నంలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో సంపుటాలు సంపుటాలుగా ఉన్నాయి. కరణాల నోటి తెలుగులో, విరామ చిహ్నాలు లేని ఆ పొడుగాటి వాక్యాల్లో, ఏ రెడ్డి ఏ ఊరికి ఎప్పుడొచ్చాడో, ఏ గుడికి ఎన్ని కుచ్చెళ్ల మాన్యం ఉండేదో, ఏ దండు వచ్చి ఏ ఊరు పాడుబెట్టిందో ఉంది. బర్క్ పటంలో లెక్కపెట్టిన చెరువులకు పేర్లు లేవు. వీటిలో పేర్లున్నాయి. ఫలానా రాజు ఏలుబడిలో ఫలానా వారు ఈ ఊరికి పడమట తటాకం తవ్వించి, తమ తల్లి పేరు పెట్టి, తూము కింద ఇంత భూమి బ్రాహ్మణులకు ధార పోశారని, ఎక్కడో ఒక కరణం చెబుతుంటే లక్ష్మయ్య మనిషి రాసుకున్నాడు. లండను సభలో ఆ రోజు అడగవలసిన ప్రశ్నలన్నిటికీ జవాబులు ఆ కాగితాల్లో తెలుగులో ఉన్నాయి, అడిగినవారు లేకపోయారు.